పద్నాలుగో నంబరు సంచి

శుక్రవారం సాయంత్రం
రేకుల కొట్టంలో సంచులు పరుచుకుని కూర్చుంటాం.
ముప్పై సంచులు.
నంబర్లు మాత్రం ముప్పై ఒకటి దాకా ఉన్నాయి,
ఆ సంగతి తర్వాత.
పాత పంచెలు చించి వన్నూరమ్మ కుట్టిన సంచులు,
కుట్టు వంకర, ముడి గట్టి.

ఈ వారం మటిక్కాయలు ఎనిమిదిన్నర కిలోలు.
ఎనిమిదిన్నరను ముప్పైతో భాగించడం
నాకు ఏ బడిలోనూ కుదర్లేదు.
కాటా పక్కకు జరుపుతాం.
వన్నూరమ్మ పిడికిలే కాటా:
ఒక పిడికెడు, మళ్ళీ అరపిడికెడు,
బాలింత ఉన్న ఇంటికి పోయే ఇరవై రెండో సంచిలో
ఇంకో నాలుగు కాయలు.
అదేం లెక్కని నేనడగను.

ఎకరా పది సెంట్లు మాది.
రాప్తాడు దాటినాక మట్టిబాట,
పార వేస్తే ఖంగుమనే ఎర్రనేల.
మూడు బోర్లు ఎండిపోయినాయి.
నాలుగోది మూడు గంటలు నీళ్ళిచ్చి
తర్వాత దగ్గుతుంది.
ఆ దగ్గు వినపడగానే పరిగెత్తి మోటరు కట్టేయాలి,
లేదంటే టమాటాల బదులు
వైండింగు బిల్లు పంచాలి ఇంటింటికీ.

"మందు కొట్టకుండా పంట ఎట్లొస్తాదమ్మా?"
ఓబుళపతి గట్టు మీద నిలబడి అడుగుతాడు,
పోయిన వారం అడిగింది మర్చిపోయినట్టు.
పేడా బెల్లమూ శనగపిండీ పులుస్తున్న
నీలం డ్రమ్ము మూత తీసి చూపిస్తాను.
ముక్కు మూసుకుని పోతాడు.
సగం జవాబు అదే.
మిగతా సగం నాకూ తెలీదు.

శ్రావణంలో వంగమడికి కాయతొలుచు పురుగు పట్టింది.
వేపకషాయం కొట్టినాం,
లింగాకర్షక బుట్టలు కట్టినాం,
వాడిన కొసలు తుంచి తుంచి
వేళ్ళు నల్లబడినాయి.
వంద కాయల్లో ఎనభై పురుగుకి.
ఆ వారం సంచిలో
గుప్పెడు గోంగూర, రెండు బీరకాయలు, ఒక చీటీ:
"ఈసారి పురుగు గెలిచింది. - చంద్రకళ"

మూడు నెలల డబ్బు ముందే ఇచ్చినవాళ్ళు.
పండితే పంటలో, ఎండితే ఎండలో వాటా అని
మొదట్లో చెప్పినప్పుడు తలూపినవాళ్ళు.
తలూపడం వేరు.
శనివారం పొద్దున పొయ్యి మీద గిన్నె పెట్టి
సంచి విప్పి చూడటం వేరు.
తొమ్మిదో నంబరు ఫోను చేసింది.
"ఈ డబ్బుకి రైతుబజారులో
రెండు చేతులా మోయలేనంత వస్తుంది" అంది.
నిజమే. నేనేమన్లేదు.
మిగిలిన డబ్బు వెనక్కి పంపినాను.
సంచి మాత్రం వెనక్కి రాలేదు.
ఇప్పుడు దాంట్లో ఏం మోస్తున్నారో.

మిగతావన్నీ శనివారం మధ్యాహ్నానికి
మాబాషా ఆటోలో తిరిగొస్తాయి.
ఖాళీ సంచులని పేరే గానీ
ఒకదాంట్లో పెన్సిలు ముక్క,
ఒకదాంట్లో ధర్మవరం బస్సు టికెట్టు,
ఒకదాంట్లో సబ్బు వాసన,
ఒకదాంట్లో మేమిచ్చిన కొత్తిమీర
కట్ట విప్పకుండా, కుళ్ళిపోయి.
ఆ రోజు వన్నూరమ్మ సంగటి ముట్టలేదు.

పురుగు గెలిచిన వారం
పద్నాలుగో సంచి అడుగున కాగితం పొట్లం.
బూడిద కలిపిన గింజలు.
మా చీటీ వెనకే రాసినారు, వణికే అక్షరాలతో:
"ముళ్ళ వంకాయ. మా అత్తగారి ఊరి విత్తనం.
దీనికి పురుగు తక్కువ అనేవారు.
నాలుగేండ్లయింది, మొలుస్తాయో లేదో."

పద్నాలుగు ఎవరో నేను చూళ్ళేదు.
"మూడో అంతస్తు, లిఫ్టు లేదు,
కింద తాడుకట్టిన బుట్ట ఉంటాది" అంటాడు మాబాషా.
ఆ బుట్టలో సంచి పెట్టి తాడు లాగితే
పైన ఒక చెయ్యి కనపడతాదంట. అంతే.

నలభై గింజలు చిప్పల్లో పెట్టినాం.
పదో రోజుకి ఏడు లేచినాయి.
ఏడింట్లో ఒకదాన్ని కోడి గీరింది.
ఆరు.
ఆకు మీద అప్పుడే చిన్న ముళ్ళు,
ముట్టుకుంటే ఇంకా మెత్తగానే ఉన్నాయి.

ఈ శుక్రవారం పద్నాలుగో సంచి నింపుతూ
వన్నూరమ్మ ఒక్క కాయా ఎక్కువ వేయలేదు.
పిడికెడు, అరపిడికెడు, అందరికిలాగే.
ముడి మాత్రం వదులుగా వేసింది,
ముసలి వేళ్ళకు విప్పుకోను వీలుగా.