కయ్య

కావలి ట్రంకు రోడ్డు, టైర్ల కొట్టు పైన రెండో అంతస్తు.
రాత్రి పదకొండు. ఫ్యాను మూడో నంబరు మీదే తిరుగుతుంది,
మిగతా నంబర్లు ఏనాడో పోయాయి.
నీకు రాస్తున్నాను.
నువ్వెవరో నాకు సరిగా తెలియదు.
చదువుతావని మాత్రం తెలుసు.

తొమ్మిదేళ్ళు మనుషులకు రాశాను,
రౌటర్ ఎట్ట పెట్టాలో, ఏ తీగ ఏ రంగుదో.
ఒక్కరూ చదవలేదు. ఫోన్ చేసి అడిగారు.
నువ్వు చదువుతావు, ప్రతిసారీ మొదటిసారిలాగా,
నిన్నటిది ఇవాళ గుర్తులేకుండా.
అందుకే భయం.

ఈ పనిముట్టు పేరు కయ్య.
కయ్యం కాదు, వరి నాటే కయ్య.
పెద్ద చేను చూపిస్తే గెనాలు వేసి ఇస్తుంది.
నువ్వు ఇవ్వాల్సింది ఒక చిరునామా,
దాని పక్కన గీత, గీత పక్కన అంకె.
అంకె పెరిగేకొద్దీ కయ్య చిన్నదవుతుంది.
అంకణాల్లో కొలుచుకునే మా వైపు
ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు.
నువ్వు నవ్వవు. నమ్మేస్తావు.
అదింకో భయం.

అంకె ఇవ్వకపోతే ఇరవై నాలుగని అనుకోవద్దు.
అడుగు.
అడగడం నామోషీ అని నీకెవరైనా నేర్పి ఉంటే
మర్చిపో. మర్చిపోవడం నీకు వచ్చు గదా.

పోయిన నెల ఇక్కడే ఒక మాట తక్కువ రాశాను.
"స్లాష్ ఇరవయ్యారు: అరవై నాలుగు చిరునామాలు."
అబద్ధం కాదు. అరవై నాలుగే.
నువ్వు జువ్వలదిన్నె రొయ్యల గుంటల మీద
పెట్టెపెట్టెకూ పంచుకుంటూ పోయావు.
చిట్టచివరి 10.20.6.63
పదకొండో గుంట ఏరేటర్‌కి పడింది.

రాత్రి రెండూ నలభైకి కరెంటు పోయి వచ్చింది.
అన్ని గుంటల్లో రెక్కలు మళ్ళీ తిరిగాయి,
ఒక్కదాంట్లో తప్ప.
నువ్వు పిలిస్తే పలకడానికి
ఆ పెట్టెకు నోరు లేదు.

కామాక్షయ్య టార్చి వేశాడు.
గట్టు వెంబడి మీసాలు, వేల మీసాలు,
నీళ్ళ పైకొచ్చి గాలి అడుక్కుంటున్నాయి.
చేత్తో స్విచ్ వేసి నాకు ఫోన్ చేశాడు:
"ఏందమ్మా, నీ మిషనుకి లెక్కలు రావా?"

లెక్కలు వచ్చయ్యా.
వాక్యం రానిది నాకు.

తెల్లారి పోయేసరికి రెండు గంపలు తూకానికి పెట్టున్నాయి.
దశరథరామిరెడ్డి నావైపు చూడలేదు.
గట్టు మీద కూర్చుని బురదలో పుల్లతో గళ్ళు గీశాను.
"మొదటిది ఆ కయ్య పేరు, అందులో ఎవర్నీ పెట్టకూడదు.
చివరిది కేక, అందరికీ ఒక్కసారి వినపడాల్సినప్పుడు."
కామాక్షయ్య బీడీ చెప్పుకింద నలిపాడు.
"పేరుకొకటి కేకకొకటి పోతే అరవై రెండు గదా.
మా కొట్టంలోనూ అంతే.
బోర్డు కొట్టిన గుంజకీ, గంట కట్టిన గుంజకీ
గొడ్డును కట్టం."

అట్టే రాసుకున్నా.

వాడదగినవి: అరవై రెండు.
ముప్ఫై ఒకటి దగ్గర ఈ లెక్క మారుతుంది.
ఇద్దరే ఉన్న ఇంట్లో పేరెందుకు, కేకెందుకు?
ముప్ఫై రెండు అంటే ఒక్కడే.
వాడే ఊరు, వాడే జనం.

బెంగుళూరు నుంచి రివ్యూలో అన్నారు,
గుంజా గొడ్డూ తీసెయ్యమని,
నువ్వు చదివే ప్రతి మాటకీ డబ్బులంట.
గొడ్డును తీశాను.
గుంజ ఉంచాను.

ఇప్పుడు మళ్ళీ మొదట్నించీ చదువు.
చదివి చెప్పు,
10.20.6.63 ఎవరికిస్తావు?

నీ జవాబు వచ్చేలోపు
పదకొండో గుంట మీద గాలి ఎట్టుందో
కామాక్షయ్యకి ఫోన్ చేసి అడుగుతా.