మంగళవారం లెక్క

ఎర్రగడ్డ మెట్రో కింద, రైతు బజారు గేటు దాటినంక
మందుల షాపు మీదికి మెట్లెక్కితే మా ల్యాబు.
పొద్దున ఏడున్నరకు మా తమ్ముడు కొమురెల్లి
చొక్కా చెయ్యి మడిచి కూసుంటడు.
అందరికీ సూది గుచ్చే నేను
వాడికి మాత్రం రమీజాను పిలుస్త.
ఊదా మూత సీసాల మూడు మిల్లీలీటర్లు.
పేరు రాయను, నంబరు రాస్త.

గొంతులు వినబడ్డ ఏడాది
బోరబండ గదిల కిటికీలకు పేపర్లు అంటించిండు.
"అక్కా, నా లోపట కావలోళ్ళు తిరుగుతున్నరు,
దొంగెవడో తెల్వక నన్నే కొడుతున్నరు" అన్నడు.
అమ్మ దిష్టి తీసింది. ఘాటు రాలేదని
ఇంకో గుప్పెడు మిరపకాయలు పొయ్యిల పోసింది.
నేను నవ్విన.
ఆ నవ్వు ఇంకా నా పండ్ల సందుల ఇరుక్కునే ఉంది.

మొన్న పెద్ద డాక్టరమ్మ
రిపోర్టు మీద పెన్ను ఆనించి చెప్పింది:
ఈ జబ్బున్న కొందరి రక్తంల వాపు గుర్తులు ఎక్కువుంటయట,
ఒంటి కాపలా కణాలు తెల్లారినా లాఠీలు దించవట,
అది కారణమో, ఫలితమో, ఊరికే తోడు నడిచేదో
ఇంకా పూర్తిగా తెల్వదట.
"తెల్వదు" అని ఒక డాక్టరు చెప్పంగ
మొదటిసారి విన్న.

ఇప్పటి గోలీ గొంతులను తగ్గించింది.
అదే గోలీ ఒక్కోసారి కావలోళ్ళను కూడా
డ్యూటీ నుంచి పంపించేస్తది.
అందుకే ఈ మంగళవారాలు.
మెషిన్ అంకె చెప్పినా
నేను స్లైడు రుద్ది, రంగు పోసి, కన్ను ఆనిస్త.

గులాబీ మైదానంల ఊదా గింజలు,
మూడు ముక్కలు, నాలుగు ముక్కలు, నడుమ సన్నటి దారం.
వేలి కింద మీట.
టక్. ఉన్నవా?
టక్. నువ్వేనా వాన్ని కొట్టింది?
టక్. పోకు, ఉండు.
తిట్టాల్నో మొక్కాల్నో తెల్వని జీవాలను
వంద దాకా లెక్కపెడ్త.

పద్నాలుగో వారం అంకె జారింది.
పదిహేడు వందలు. పదిహేను కిందికి పడితే గోలీ బంద్.
గోలీ బంద్ అయితే మళ్ళ కిటికీలకు పేపర్లు.
రెండోసారి లెక్కపెట్టిన. మూడోసారి రమీజాతో.
అంకె మారలే.

బయట బెంచీ మీద వాడు
బజారుల కొన్న సీతాఫలం విప్పి
గింజలు ఒక్కొక్కటే అరచేతిల ఉమ్ముతున్నడు.
"ఎంతమందున్నరే అక్కా, ఈ వారం?"
"సరిపోయేటంత మంది."
కాసేపు ఆలోచించి
సగం పండు నా దిక్కు జరిపిండు.
"వాళ్ళకు గూడ ఆకలైతదేమో" అన్నడు.
ఎవరికో చెప్పలే.

మెట్రో పోయింది. బెంచీ కొంచెం అదిరింది.
చేతులు కడుక్కోవాలె,
ఇంకా నలభై సీసాలున్నయి.