రెండో కోటు

మిర్యాలగూడలో తెల్లరంగు వద్దని
యాకూబ్ ముందే చెప్పిండు.
"రెండో కోటు మిల్లు బూడిద ఏస్తది సార్.
కూలి అడగదు, ఆగమన్నా ఆగదు."
లింగస్వామి మాత్రం తెలుపే కావాలన్నడు.
పట్నం నుంచి కొననీకి వచ్చేటోళ్లకు
తెలుపైతే గది ఇంకో రెండు గజాలు పెద్దగ కనబడ్తదట.

మూడు పోర్షన్లు, ఒక బోరు, ఒక మెట్లదారి.
ఇరవై ఏడేండ్లు రైట్ రైట్ అని
సొసైటీ లోనుతో లేపిన గోడలు.
ఇప్పుడు మోకాళ్లు ఆ మెట్లను ఒప్పుకుంటలేవు.

సంపు కడిగించిన.
నల్లా కింద గడ్డకట్టిన ఉప్పు చారను
యాసిడ్ పోసి రుద్దించిన. సగమే పోయింది.
నోటిమాట మీద నడిచిన ఇల్లు
వంద రూపాయల స్టాంపు కాయితం మీద కూసున్నది.
"కిరాయి నడిచే ఇల్లు పాడిబర్రె సార్," అన్నడు లింగస్వామి,
"వచ్చినోడు పొదుగే చూస్తడు, కొమ్ములు చూడడు."
నెలకు పదహారువేల ఐదొందలు,
దాన్ని రెండొందలతో గుణించి
ముప్పై మూడు లక్షలని అరచేతిలో రాసి చూపిచ్చిండు.

నడిమి పోర్షన్‌ల, వంటగది తలుపు ఎనక
యాకూబ్ బ్రష్షు ఆపి పిలిచిండు.
పెన్సిల్‌తోని, బొగ్గుతోని, ఒకకాడ కాటుకతోని
గ్యాస్ బండ పెట్టిన తేదీలు.
ఎవరు దిగినా అదే జాగల రాసుకుంట పోయిండ్రు.

నేను కండక్టర్ని. అంకెలు కనబడితే ఊకోను.
ఒకదాంట్లకెళ్లి ఒకటి తీసేసుకుంట కిందికి దిగిన.
నలభై రెండు రోజులు. నలభై.
ముప్పై రెండు, ఆ నెల చుట్టాలొచ్చినట్టున్నరు.
నలభై ఒకటి.
తొంభై ఆరు.

మళ్లీ లెక్కపెట్టిన. తొంభై ఆరే.
నలుగురు తినే ఇంట్ల
బండ తొంభై ఆరు రోజులు ఎట్లొచ్చింది?

ఆ ఎండకాలమే
సైదులుకు ఎనిమిదొందలు పెంచిన.
అందరిస్తున్నరు, నువ్వు గూడ ఇయ్యాలన్న.
ఇచ్చిండు. ఐదో తారీఖు దాటనియ్యలే.
చిల్లర నోట్లు చేతిల పెడితే
ఆయన ముంగటనే లెక్కపెట్టుకున్న.

ఊకపొయ్యి మీద వండుకున్నరేమో,
మిల్లు ఊకకు కరువా అని సర్దిచెప్పుకున్న.
అప్పుడు యాదికొచ్చింది మెట్ల కింది మసి.
ఇల్లంత నల్లగ చేస్తున్నరని అరిచిన మసి.
ఖాళీ చేసినప్పుడు సున్నానికని
అడ్వాన్సుల రెండువేలు పట్టుకున్న మసి.

"గీకాల్నా సార్?"
గీకుమన్న. గీకిండు. లప్పం పెట్టిండు, రంగేసిండు.
పెన్సిల్ పోయింది, బొగ్గు పోయింది.
కాటుక తెల్లారేసరికి మళ్లీ పైకొచ్చింది.

పది గంటలకు కారు ఆగింది.
ఇద్దరు. బూట్లు ఇప్పలే.
నేను తలుపును బార్లా తీసి గోడకు ఆనిచ్చి
దానికే ఆనుకొని నిలబడ్డ.
వాళ్లు పొయ్యి గట్టు చూడలే, కిటికీ చూడలే.
"కిరాయి ఇంకా పెంచే జాగ ఉన్నదా?"

లింగస్వామి నోరు తెరవకముందే
ఉన్నది అన్న.
గొంతు నాదే.
ఫుట్‌బోర్డు మీద మనుషులు ఏలాడుతుంటే
లోపలికి జరుగుండ్రి,
లోపల మస్తు జాగ ఉన్నది
అని అరిచిన గొంతు.