బానెట్ కింద నేత

ఈ ఊరి పేరుకి పడవ అని అర్థం.
నదిని మాత్రం ఎప్పుడో గొట్టాల్లోకి తోసి
రోడ్ల కింద దాచేశారు.
వూచ్‌లో చూడదగ్గవన్నీ మూతల కిందే ఉంటాయని
మా అమ్మ ఎగతాళి చేసేది.

బవూటి అపార్ట్‌మెంట్ల వెనక, రేకు గ్యారేజీల వరసలో
పదిహేడో నంబరు.
ఫిబ్రవరి. లోపల మాట్లాడినా నోట్లోంచి ఆవిరే.
బోగుమిల్ తన ముసలి పొలొనేజ్ కారులోంచి
ఇంజన్ పీకి గొలుసుకి వేలాడదీశాడు.
బోసినోరులా మిగిలిన ఆ గుంటకి
కార్బన్ ఫైబర్ తొడుగుతాడట.
దీపం పట్టుకోవడం నా పని,
అడక్కూడనివి అడగడం నా అలవాటు.

"బానెట్ మూస్తే ఎవడికి కనిపిస్తుంది?"

జవాబు లేదు.
ఉప్పుకాగితం రేకుని గీరుతూనే ఉంది.

బట్ట చుట్టగా వచ్చింది. మీటరు ధర
నా చలికాలం బూట్ల కంటే ఎక్కువ.
నల్లగా, ఏ రంగునీ లోపలికి రానివ్వని నలుపు.
దీపం జరిపితే చాలు
ఏటవాలు చారలు ఒక్కసారి వెండిలా లేచి
మళ్ళీ పడుకుంటాయి.
కత్తెర తగిలితే అంచు చెదిరి
పోగులు చేతికి అంటుకుని, రాత్రంతా దురద.

ఎపాక్సీ వందకి ముప్పై.
వంటింటి తూకం, చెల్లెలి హెయిర్ డ్రయ్యర్.
జిగురు వేలికి పట్టాలి, వేలితో లేచి రాకూడదు.
ఆ సందు పావుగంట.
ఆ పావుగంటా బోగుమిల్ ఊపిరి తీసుకోడు,
నన్నూ తీసుకోనివ్వడు.

మూడో రోజు పక్క గ్యారేజీ గెనొవెఫా వచ్చింది,
బంగాళాదుంపలు దాచుకునే ఆవిడ.
ముప్పై ఒక్క ఏళ్ళు మిల్లులో
మగ్గాల హోరుకి చెవులిచ్చేసింది.
కళ్ళద్దాలు సర్దుకుని
ఇంజన్ గుంటలోకి సగం మనిషి వంగింది.
"రెండు పైన, రెండు కింద.
ఓవర్‌కోట్లకి మేం నేసిన నేతే ఇది.
దీన్ని ఇనుముకి తొడుగుతారా ఇప్పుడు?"

గట్టిపడ్డ నలుపు మీద ఆమె గోరు
పడుగు వెంట నడిచింది,
మలుపు తిరిగింది,
బ్యాటరీ పళ్ళెం వెనక ఆగింది.
"ఇక్కడ."

నాకేం కనిపించలేదు. బోగుమిల్‌కి కనిపించింది.
మూలలో బట్ట లాగినప్పుడు
చార తోవ తప్పి, వేలెడు మేర వంకరపోయింది.
ఇప్పుడది రాయి.
పీకాలంటే మళ్ళీ మూడు రోజులు, మళ్ళీ నా బూట్లు.

"మేం చింపేవాళ్ళం కాదు," అందావిడ.
"తప్పు పడ్డ వరసకి ఎదురుగా
అంచులో ఎర్ర దారం కట్టేవాళ్ళం.
కొనేవాడికి తెలియాలి, అంతే.
బట్ట ధర తగ్గేది. నా కూలీ కూడా."

"ఇది అమ్మకానికి కాదు!" చెవి దగ్గర అరిచాడు.
"అయితే ఇంకేం. ధర తగ్గదు."

ఆ రాత్రి ఎవరి మీద కోపమో
కత్తెర గోడకేసి కొట్టాడు.
తెల్లారి, ఆఖరి పూతకి ముందు,
పదహారో నంబరు తలుపు తట్టాడు.
ఆవిడ తన స్వెట్టర్ మణికట్టు దగ్గర
ఎర్ర పోగొకటి లాగి ఇచ్చింది.
చిమటాతో దాన్ని మూలలో పడుకోబెట్టి
పైన జిగురు పోశాడు.
పానకంలో పుడక అంటారే,
అది అంత బాగుంటుందని నాకు తెలీదు.

ఏప్రిల్లో ఇంజన్ ఇంటికి చేరింది.
గొట్టాలూ వైర్లూ వచ్చి
సగం నేతని కప్పేశాయి.
ఎర్ర పోగు బ్యాటరీ వెనక్కి పోయింది.
తాళం తిప్పితే దగ్గింది, మళ్ళీ దగ్గింది,
అందుకుంది.
గెనొవెఫాకి వినపడదు కదా,
అరచెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి నిలబడింది.
బోగుమిల్ ఆపేశాక కూడా తియ్యలేదు.

బానెట్ మూశాడు.
పట్టపగలు, నా చేతిలో దీపం వెలుగుతూనే ఉంది.

తర్వాత ఆవిడ
ఈ సంచీ ఇంటిదాకా దింపరాదూ అంది.
మొదటి ప్రయాణం అదే:
ఆరువందల గజాలు, మేం ముగ్గురం,
వెనక సీట్లో మొలకెత్తిన బంగాళాదుంపలు.