తెల్లనీళ్లు

ముందు వాసన చూస్తాను,
పసిబిడ్డ నడినెత్తిన ముక్కు పెట్టినట్టు.
ఘాటు ఇంకా ఉందంటే
పూత లోపల ఆరలేదన్నమాట.

కొరుక్కుపేటలో కార్తీకమంటే
గాలి కూడా పిండని బట్టే.
తమ్ముడు ఏకాంబరం ల్యాకర్ స్ప్రే కొట్టిన రోజే వాన పట్టుకుంది.
చూస్తుండగానే ఎరుపు మీద పాలమీగడ కట్టింది.
నెమ్మదిగా ఆరే థిన్నరు మళ్లీ పట్టిస్తే గానీ
కింది రంగు కళ్లు తెరవలేదు.
ఆ తర్వాత ఆరు వారాలు
మెడ లేని, తీగల్లేని ఆ గిటారు మొండెం
కొక్కేనికి వేలాడింది.
గూడ్సు బండి పోయినప్పుడల్లా
కాస్త ఊగేది.

ఇవాళ వాసన పోయింది.

బకెట్లో నీళ్లు, రెండు చుక్కల షాంపూ,
రాత్రంతా నానిన ఎనిమిది వందల నంబరు కాగితం.
తెగిన హవాయి చెప్పు మడమ కోసి చేసుకున్న దిమ్మకు
చుట్టి మొదలుపెడతాను.
కమలా తొక్కలా గతుకులు.
మసకబారినవి మెట్టలు, ఇంకా మెరిసేవి పల్లాలు.
ఒక్క మెరుపు చుక్క మిగిలినా పని కానట్టే.
మెరుపు కోసం చేసే పనిలో
ముందు మెరుపునంతా చంపుకోవాలి.
ఇది తమ్ముడు చెప్పలేదు, చెయ్యి చెప్పింది.

తెల్లనీళ్లు కారినంతసేపు భయం లేదు,
బియ్యం కడిగిన నీళ్లలాంటివి.
ఎర్రనీళ్లు కనబడ్డాయో, రంగులోకి దిగిపోయామన్నమాట.
కొమ్ముల అంచుల్లో పూత ఉల్లిపొర.
అక్కడ దిమ్మ పనికిరాదు,
వట్టి వేళ్లు, బిగబట్టిన ఊపిరి.

పోయిన నెల రేషను షాపులో
మిషను మీద బొటనవేలు పెట్టమన్నాడు.
పెట్టాను.
తుడుచుకుని పెట్టమన్నాడు.
ఇంకో వేలు, ఇంకో చెయ్యి.
పది వేళ్లూ అయిపోయాయి.
వరుసలో ఎవరో నవ్వారు.
"ఏం పని చేస్తావమ్మా?"
"గిటార్లు రుద్దుతా."
"వాయిస్తావా?"
"లేదు. రుద్దుతా."
ఆ నెల పంచదార లేకుండానే టీ తాగాం.

వెయ్యి. పదిహేను వందలు. రెండు వేలు.
నంబరు పెరిగేకొద్దీ చప్పుడు తగ్గుతుంది.
చివరికి కాగితం
నిద్రలో మాట్లాడే మనిషిలా గొణుగుతుంది.

మధ్యాహ్నం కరెంటు పోయింది.
ఆగాల్సింది, ఆగలేదు.
కింది కొమ్ము అంచున నీళ్లు లేత గులాబీకి తిరిగాయి.
నువ్వుగింజంత.
ఏకాంబరం చూశాడు, ఏమీ అనలేదు.
అగ్గిపుల్ల మొనతో రంగు చుక్క అద్దాడు,
ఆరాక పైన పూత చుక్క.
అదిప్పటికీ అక్కడే ఉంది,
ఎండలో వంచి వెతికితే దొరుకుతుంది.

తర్వాత పాలిషు ముద్ద, నాన్న పాత పంచె గుడ్డ,
గుండ్రంగా, గుండ్రంగా,
భుజం ఊడొచ్చేదాకా.
ఎప్పుడొచ్చిందో తెలీదు గానీ
పైకప్పు ట్యూబులైటు
ఎరుపులో ఈ చివర్నించి ఆ చివరికి
వంకర లేకుండా పడుకుంది.

సాయంత్రం పెరంబూరు నుంచి డెస్మండు సారొచ్చాడు.
రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి.
అందులో ముఖం చూసుకుని
ఉన్న నాలుగు వెంట్రుకలూ సర్దుకున్నాడు.
ఆపుకోలేక అరచెయ్యి ఆనించాడు.
తీసేసరికి ఐదు వేళ్లూ
గీతకు గీత, సుడికి సుడి.

"అయ్యో, పాడు చేశానే" అన్నాడు.
తుడిచిస్తానన్నాను.
గుడ్డ కోసం లోపలికెళ్లి
కాసేపాగి వచ్చాను.