తొక్కకూడని చోటు

లాబ్‌స్టర్ వేటకి ఇంకా పంతొమ్మిది రోజులుంది.
పబ్నికో రేవులో బోటుని గట్టుకెక్కించి
దుంగల మీద నిలబెట్టాం, నేనూ రెమీ.
ఇంజిను గది మూత ఎత్తగానే
డీజిలూ ఉప్పూ పాత తడీ కలిసిన వాసన.
పదకొండేళ్ళుగా నా చొక్కాల్ని వదలనిది.

కింద పరిచింది ప్లైవుడ్.
దాన్ని నేల అనడం మర్యాద కొద్దీ.
గునపం మొన ఆనించానో లేదో
నానిన అప్పడంలా విడిపోయింది,
పొర కింద పొర, ఆ కింద నలుపు.
రెమీ ఓ ముక్క పిసికి చూసి
"దీని మీదా ఇన్నాళ్ళు నిలబడ్డావు?" అన్నాడు.
నిలబడ్డాను.
ఇంజిను ముందు ఎడమ పక్క ఒక్క జానెడు తప్ప.
అక్కడ మాత్రం ఎందుకో
కాలు చాచి దాటేసేవాణ్ణి,
గుమ్మంలో నిద్రపోయే కుక్కని దాటినట్టు.

ఈ బోటు నాకమ్మిన అన్సెల్మ్
రోజూ పదింటికి వచ్చి
బోర్లించిన బకెట్టు మీద కూర్చుంటాడు.
చేతులు జేబుల్లో, సలహాలు బయట.
"వడ్లగింజలో బియ్యపుగింజ! ఒక్క పూట పని" అన్నాడు.
ఆరు రోజులు పట్టింది.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె చింపి
గది ఆకారం కత్తిరించాను.
పంపు దగ్గర వంపు, గొట్టం దగ్గర గుండ్రం,
వేలు దూర్చి మూత ఎత్తడానికో కన్నం.
యార్మత్ నుంచి రేకు వచ్చింది.
డైమండ్ ప్లేట్ అంటారు గాని వజ్రాలేం లేవు,
గుమ్మడి గింజలు అటొకటి ఇటొకటి పరిచి
మీద వెండి పోసినట్టుంది.
ఆ గింజల మీద గీత వంకర పోతోందని
రేకు తిరగేసి నున్నటి వైపు గీశాను.
అట్టని తిరగేయడం మరిచాను.

రంపానికి మైనం రాసి కోశాను.
మెరిసే పొట్టు కనురెప్పల మీద కూడా పడింది.
కోత అద్భుతం, నూలుపోగంత తేడా లేదు.
కిందికి దించి చూస్తే
ఎడమకి రావలసిన వంపు కుడికొచ్చింది.
ఎంత చక్కగా కోశానో!
అద్దంలో ఉన్న బోటుకి.

అన్సెల్మ్ ఏమీ అనలేదు.
తిట్టినా బాగుండేది.
ఒడీల్ ఖర్చుల పుస్తకంలో
రెండో రేకు కూడా రాసింది,
పెన్సిలు కాస్త గట్టిగా నొక్కి.

మందు పట్టించిన దూలానికీ అల్యూమినియానికీ పడదు.
తడి తగిలితే రాగి రేకుని కొరుక్కు తింటుంది.
పెళ్ళి విందుల్లో
మా పెదనాన్నలిద్దరి మధ్య మేనత్తని కూర్చోబెట్టినట్టు
వాటి మధ్య రబ్బరు పట్టీ పరిచాం.

పాత ముక్కలు మంటలో వేస్తుంటే
ఒకదాని మీద బూడిదరంగు పెచ్చు లేచింది.
కింద వడ్రంగి పెన్సిలు రాత:
ఇంటూ గుర్తు, పక్కనే "ఇక్కడ తొక్కకు."
అన్సెల్మ్ చేతిరాత.
బకెట్టు దాకా పట్టుకెళ్ళి చూపించాను.
"మొదటి ఏడే మెత్తబడింది" అన్నాడు.
మరి అమ్మేటప్పుడు చెప్పలేదేం?
"నువ్వెప్పుడూ తొక్కలేదుగా."
అప్పుడు గుర్తొచ్చింది,
బోటు కొనకముందు రెండు సీజన్లు
ఈయన బూట్ల వెనకే నడిచాను.

తప్పు కోసిన రేకు ఆయన అడిగి పట్టుకెళ్ళాడు.
దేనికో చెప్పలేదు.

బిగించిన రోజు రెమీ దాని మీద గెంతాడు.
సరిగ్గా ఆ చోటే, రెండు బూట్లతో.
ఠంగుమంది గాని ఇసుమంత కుంగలేదు.
"చూశావా" అన్నాడు. చూశాను.

వేట మొదటి రోజు. తెల్లవారుజాము నాలుగు.
నూనె చూద్దామని టార్చితో దిగాను.
గట్టి రేకు మీద
నా కాలు దానంతటదే చాచుకుంది.
నా వెనక రెమీ దిగాడు,
నిద్ర కళ్ళతో, చేతిలో కాఫీ ఒలక్కుండా.
వాడి కాలు కూడా చాచుకుంది.

నేనేమీ అనలేదు.