మూత తియ్యకుండా

గుంతకల్లు డీజిల్ షెడ్డులో ఇరవైరెండేండ్లు
నా పని గాలితోనే.
బ్రేకు పైపులో గాలి నిండితేనే
బండి కదిలేది.

ఇంటికొస్తే అదే గాలి పగోడు.

మొదటిసారి గరాటు పెట్టి
పైనుంచి ధారగా పోసినా, కెగ్గులోకి.
ఆ నురగ చూసి ఎంత మురిసినానో!
పదో దినానికి
కొర్రల రంగు బీరు పాతబెల్లమైంది,
నానిన అట్టపెట్టె రుచి.
సోడాల ఉరుకుందు ఒక గుక్క తాగి
గ్లాసు పిట్టగోడ మీద పెట్టి
వానల సంగతెత్తినాడు.

సుంకులమ్మ మాత్రం నవ్వింది:
"వంకాయ కోసి నీళ్ళలో ఎందుకేస్తాం?
నీ బీరుకు ఆ మాత్రం మర్యాద లేదా?"

ఈసారి కెగ్గు నిండా నీళ్ళు, అంచు దాకా.
ఉరుకుందు సోడాబండి సిలిండరు తెచ్చినాడు.
గ్యాసు పెట్టి నీళ్ళన్నీ తరిమినాం
చివరి చుక్క ఉమ్మేదాకా.
ఖాళీ అయింది. కానీ ఖాళీ కాదు.

అడుగు నుంచి అడుక్కి ఒక పైపు,
తల నుంచి తలకు ఇంకొకటి.
చప్పుడు లేదు, నురగ లేదు.
బీరు దిగతాంటే గ్యాసు ఎదురెక్కతాంది,
షిఫ్టు మారే ఫిట్టర్లు
గేటుకాడ పక్కకు తప్పుకున్నట్టు.

ఎంత నిండిందో చూద్దామని
చెయ్యి మూత మీదికి పోయింది.
సుంకులమ్మ నా వేళ్ళు పట్టుకుంది.
"చెమట పట్టిన కాడికి నిండినట్టు. తడుము, చాలు."

యార్డులో యాదో గూడ్సు
ఉస్సుమని గాలి వదిలింది.
ముగ్గురం ఊపిరి బిగబట్టినాం,
అదేమన్నా లోపలికి పోతాదేమో అన్నట్టు.